రెండు ఫైబర్లున్నా నెట్ ఒక్కదాంట్లోంచే పోతోంది!

ప్రశ్న: మాది రాయగడ. కింద నా నెట్ సెంటర్, మేడ మీద మా బామ్మర్ది కంప్యూటర్ ల్యాబ్. మధ్యలో డెబియన్ (ఒక రకం లినక్స్) వేసిన పాత పీసీ, దానికి నాలుగు లాన్ కార్డులు. సెంటర్ అడ్రస్‌లు 192.168.10.0/24 (అంటే 192.168.10తో మొదలయ్యేవి), ల్యాబ్ 192.168.20.0/24. రెండు కంపెనీల ఫైబర్ తీసుకుని రెండు డిఫాల్ట్ రూట్లు (బయటికి పోయే దారులు) ఇచ్చాను, అయినా అందరూ మొదటి లైన్‌లోంచే వెళ్తున్నారు. పైన పిల్లలు వీడియోలు పెట్టారంటే కింద టికెట్ల బుకింగ్ ఆగిపోతోంది, కస్టమర్లతో రోజూ టెన్షనే. ఏం చేయాలి?

జవాబు: ముందు రెండు ఫైబర్ బాక్సుల అడ్రస్ చూడండి. రెండూ 192.168.1.1తోనే ఉండే అవకాశం చాలా ఎక్కువ. అలా ఉంటే ఒకదాన్ని 192.168.2.1కి మార్చండి, అది మార్చకుండా మిగతాది ఎంత చేసినా వృథా.

ఇక అసలు సంగతి. మెయిన్ రూటింగ్ టేబుల్, అంటే పీసీలోని దారుల పట్టిక, ప్యాకెట్ (డేటా ముక్క) ఎక్కడికి పోవాలన్నదే చూస్తుంది, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూడదు. రాయగడ స్టేషన్ కౌంటర్లో విజయనగరమా, టిట్లాగఢా అని అడుగుతారు గానీ మీరు ఏ వీధి నుంచి వచ్చారని అడగరు కదా, అదే పద్ధతి. అందుకే రెండు డిఫాల్ట్ రూట్లుంటే మెట్రిక్ (దారికిచ్చే ప్రాధాన్య నంబరు) తక్కువున్నదానికే అందరూ పోతారు. ఎవరు పంపారో చూసి దారి మార్చే పాలసీ రూటింగ్ లినక్స్‌లో 1999 నాటి 2.2 కెర్నల్ (లినక్స్ గుండెకాయ) నుంచీ ఉంది, కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

సెంటర్‌ని మెయిన్ టేబుల్ మీదే ఉంచండి. ల్యాబ్‌కి 20 నంబరుతో వేరే టేబుల్ పెట్టి, అందులో 192.168.2.1 మీదుగా డిఫాల్ట్ రూట్ ఇవ్వండి. తర్వాత 'ఐపీ రూల్' కమాండ్‌తో, 192.168.20.0/24 నుంచి వచ్చేవి టేబుల్ 20 చూడాలని ప్రయారిటీ 1000తో రాయండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, వెంటనే ల్యాబ్‌లో డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) పోతుంది. ఎందుకంటే మీ పీసీ ల్యాబ్ వైపున్న 192.168.20.1 పేరుతో ఇచ్చే జవాబుకి కూడా అదే రూల్ తగులుతుంది, టేబుల్ 20లో ల్యాబ్‌కి దారే లేదు కాబట్టి ఆ జవాబు ఫైబర్ వైపు పోతుంది, కింద ప్రింటర్ కూడా పైవాళ్లకి అందదు. దీనికి మందు ఇంకో రూల్: 192.168.0.0/16కి (192.168తో మొదలయ్యే అడ్రస్‌లకి) వెళ్లేవన్నీ మెయిన్ చూడాలి, ప్రయారిటీ 900. చిన్న నంబరు రూల్‌నే ముందు చూస్తుంది.

మాస్కరేడ్ (లోపలి అడ్రస్‌ని బయటి కార్డు అడ్రస్‌గా మార్చడం) రెండు ఫైబర్ కార్డులకీ ఉండాలి. ఆర్‌పీ ఫిల్టర్ (ప్యాకెట్ రావాల్సిన కార్డులోంచే వచ్చిందా అని చూసే తనిఖీ) జోలికి ఇప్పుడు పోవద్దు, రూల్‌ని లాన్ కార్డు పేరుతోనో మార్క్‌తోనో (ప్యాకెట్‌కి వేసే గుర్తు) రాస్తేనే దాని విలువని 2 చేయాల్సొస్తుంది.

ఒకటి మాత్రం మీరూ మీ బామ్మర్దీ కూర్చుని తేల్చుకోండి. బయటెక్కడో ఫైబర్ తెగితే బాక్సుకీ పీసీకీ మధ్య వైరు బాగానే ఉంటుంది, కెర్నల్‌కి ఏమీ తెలియదు. పింగ్ చేసి (బయటి అడ్రస్ పలుకుతోందా అని) చూసుకుంటూ, అందకపోతే టేబుల్ 20లోని డిఫాల్ట్ తీసేసే చిన్న స్క్రిప్ట్ పెట్టొచ్చు. అప్పుడు ల్యాబ్ మెయిన్‌కి జారి మీ లైన్ ఎక్కేస్తుంది. అది వద్దనుకుంటే టేబుల్ 20లో పెద్ద మెట్రిక్‌తో 'ప్రొహిబిట్' (పోనివ్వొద్దనే) డిఫాల్ట్ కూడా ముందే పెట్టండి, పైన నెట్ ఆగినా కింద మీ పని నడుస్తుంది. నేనైతే అదే పెడతాను, కౌంటర్ దగ్గర మనుషులు నిలబడి ఉంటారు.

కరెంటు పోయి వస్తే ఇవన్నీ ఎగిరిపోతాయి, నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఫైల్లో 'పోస్ట్-అప్' (కార్డు లేవగానే నడిచే) లైన్లుగా రాసుకోండి.