జడవాయువులా, ఉత్కృష్ట వాయువులా?

సందేహం: హీలియం, నియాన్, ఆర్గాన్ వంటివాటిని ఒక పుస్తకంలో జడవాయువులనీ, మరొకదానిలో ఉత్కృష్ట వాయువులనీ రాశారు. జడుడంటే మందబుద్ధి కదా! దేనితోనూ కలవకపోతే మందబుద్ధి అయినట్టేనా? ఏది వాడాలి?

సమాధానం: ముందు ఒక మాట. కొందరు ‘నోబెల్ వాయువులు’ అని కూడా రాస్తున్నారు. నోబెల్ ఒక మనిషి ఇంటిపేరు. ఇక్కడి మాట ‘నోబుల్’, అంటే కులీనం. చెవిన పడింది పడ్డట్టు రాసేస్తే ఎలా?

ఇక జడం. తలమీది జడ ‘జటా’కు వికృతి, దాని దారి వేరు. సంస్కృత ‘జడ’ శబ్దానికి చల్లనిది, కొయ్యబారినది, కదలనిది అని అర్థాలు. తెలివిలేమి వాటి వెంట వచ్చింది. చలికి వేళ్లు కొంకర్లు పోయి పిడికిలి ముడుచుకోకపోతే అది జాడ్యం. ఆ మాటను మనం రోగానికీ దురలవాటుకీ దించేశాం. డ-లలకు అభేదమని కవులు జలాశయాన్ని జడాశయం చేసి సముద్రుణ్ణి వెక్కిరించారు కూడా.

నాకు మాత్రం ఈ మాట వినగానే జడభరతుడే మనసులో మెదులుతాడు. భాగవతం పంచమ స్కంధంలోని కథ. (తెలుగులో ఆ స్కంధం గంగన రాసింది. అదీ పోతన ఖాతాలో వేసేస్తున్నారు, అన్యాయం.) లేడిపిల్ల మీద మమకారంతో ఒక జన్మ లేడిగా గడిపినవాడు, మరుజన్మలో ఎవరితోనూ ముడిపడకూడదని మందుడిలా మసలాడు. రహూగణుడి పల్లకీ మొయ్యమంటే మోశాడు. కాలికింద ప్రాణులు నలుగుతాయేమోనని బాణమంత దూరం చూసుకుని అడుగు వేసేవాడు. మిగతా బోయీలతో అడుగు కలవక పల్లకీ ఒరిగింది. రాజు నానా మాటలూ అన్నాడు. ఆయనలో ఉన్నది తెలివిలేమి అంటారా?

ఈ వాయువులదీ అదే జడత్వం. పరమాణువు మరొకదానితో కలిసేది సాధారణంగా వెలుపలి కక్ష్యలో లోటు తీర్చుకోవడానికి. హీలియానికి రెండు, మిగిలినవాటికి ఎనిమిది ఎలక్ట్రాన్లతో అది నిండే ఉంది. ఉన్నదాన్ని ఊడదీయాలంటే బోలెడు శక్తి కావాలి, కొత్తదానికి చోటు లేదు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ లేనివాడు ఎవరి గడప తొక్కుతాడు?

1894లో ర్యాలీ, రాంసే కనుగొన్న ఆర్గాన్‌కు ఆ పేరు గ్రీకులో సోమరి అనే మాటనుంచి వచ్చింది. ‘ఎర్గాన్’ అంటే పని. దాని ముందున్న ‘అ’ మన ‘అకర్మ’లోని ‘అ’కు తోబుట్టువే!

‘ఉత్కృష్టం’ అంటే పైకి లాగబడినది. కృషిలోని ధాతువే. తుప్పుపట్టని బంగారాన్ని కులీన లోహమన్న పోలికతో వచ్చిన పేరు. వీటికే ఉన్న మరో పేరు ‘విరళ వాయువు’, అంటే అరుదైనది, నాకు నచ్చదు. గాలిలో ఆర్గాన్ దాదాపు 0.93 శాతం, బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది విరళమెలా అవుతుంది?

అయితే 1962లో రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో ఈ వరుసలోదే అయిన జెనాన్‌ను కలిపి చూపాడు. రహూగణుడు గద్దించాక జడభరతుడు నోరు విప్పినట్టు! కనుక హీలియం, నియాన్‌లను నిశ్చింతగా జడవాయువులనండి. జెనాన్ దగ్గర నాకూ కలం ఆగుతుంది. వరుస మొత్తానికి ఒకే పేరు కావాలంటే ఉత్కృష్టమే క్షేమమేమో. నా చెవి మాత్రం జడాన్ని వదలనంటోంది.