నాయన అంబాసిడర్‌కి బొలెరో ఇంజిన్ ఎక్కించొచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా నాయన 1974లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ ఇంటి ముందే ఉంది. నాయన పోయి రెండేళ్లయింది, ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పెట్రోల్ ఇంజిన్ పొగ కొడతా ఉంది, ఆయిల్ తాగేస్తా ఉంది. నెల్లూరులో ఒక మెకానిక్ బొలెరో డీజిల్ ఇంజిన్ గేర్‌బాక్స్‌తో సహా ఎక్కిస్తానంటే 40 వేలు అడ్వాన్స్ ఇచ్చాను, పని ఇంకా మొదలుపెట్టలేదు. ముందు బండి రెడీ చేద్దాం, ఆర్సీలో తర్వాత ఎక్కించుకోవచ్చు, పట్టుకున్నా 5 వేలు ఫైన్ అంతే అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదండి. పని మొదలుకాలేదన్నారు కాబట్టి ఇప్పుడే ఫోన్ చేసి ఆపమని చెప్పండి, తర్వాత మిగతాది చదవండి.

ముందు ఆ 5 వేల సంగతి. మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ నాలుగో సబ్‌సెక్షన్‌లో, 2019 సవరణతో వచ్చింది ఇది, చట్టం ఒప్పుకోని మార్పు చేసిన ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 ఫైన్, లేదా రెండూ అని ఉంది. ఒక్కో మార్పుకి అని రాసుంది, బండి మొత్తానికి ఒకసారి కట్టేసి చేతులు దులుపుకునేది కాదు. జైలు మాట మీ మెకానిక్ మీకు చెప్పినట్టు లేదు.

అసలు విషయం 52వ సెక్షన్‌లో ఉంది. కంపెనీ ఆ బండికి మొదట ఇచ్చిన వివరాలకి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేట్టు ఓనర్ బండిని మార్చకూడదు, ఇదీ దాని సారం. మీ మార్క్ 2కి కంపెనీ ఇచ్చింది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. పాత బొలెరోలది 2523 సీసీ డీజిల్, వేరే కంపెనీది, ఇంధనం వేరు, సీసీ వేరు, నంబర్ వేరు, ఆర్సీలో ఇంజిన్ గురించి ఉన్న ప్రతి గడీ తప్పయిపోతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే తేల్చింది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పుని రూల్స్ చూపించి సమర్థించుకోవడం కుదరదు, రూల్స్ చట్టానికి లోబడే ఉండాలి అని.

మరి తర్వాత ఎక్కించుకోవచ్చు అన్న మాట ఎక్కడ పుట్టింది అంటే, అదే 52లో మార్పు చేసిన 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేసి ఆర్సీలో రాయించుకోవాలని ఒక మాట ఉంది, షెడ్డుల్లో అది పట్టుకుని 14 రోజులు టైం ఉందిలే అంటారు. ఆ 14 రోజులు చెల్లే మార్పుని రాయించుకోవడానికి, చెల్లని మార్పుని చెల్లేట్టు చేసుకోవడానికి కాదు. ఇంజిన్ ఎక్కించేసి, ఉన్న డబ్బంతా పోసేసి, అప్పుడు కాగితాలు పట్టుకుని ఆఫీసుకి పోయి కాదనిపించుకుని వచ్చినవాళ్లని నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, అట్టా చేయబాకండి.

పెట్రోల్ నుంచి వేరే ఇంధనానికి మారడానికి చట్టం దారి ఇచ్చింది కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. ఇచ్చింది, కానీ అది కన్వర్షన్ కిట్‌కి, అంటే సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటివి, ఆ కిట్ పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి టెస్టింగ్ సంస్థల ఆమోదం పొందినదై ఉండాలి, పర్మిషన్ ఉన్నవాళ్లే బిగించాలి. పాత సామాన్ల కొట్లో కొన్న డీజిల్ ఇంజిన్ ఏ లెక్కనా కిట్ కాదు.

ఇంకో మాట కూడా వస్తుంది మీకు, హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే తర్వాత అంబాసిడర్‌లో 1800 సీసీ ఇసుజు ఇంజిన్ పెట్టి అమ్మారు కదా, అది పెడితే తప్పేంటి అని. కంపెనీ ఒకటే, ఇంజిన్ రకం వేరు. చట్టం పది రవాణా వాహనాలకి తక్కువ లేకుండా ఉన్న ఓనర్లకి ముందస్తు అనుమతి లేకుండా ఇంజిన్ మార్చుకునే వెసులుబాటు ఇవ్వచ్చంటూ కూడా, అదే కంపెనీ అదే రకం ఇంజిన్ అయితేనే అంది. ఇంటి బండి ఉన్న మీలాంటివాళ్లకి అంతకంటే ఎక్కువ దొరకదు. కాబట్టి మీరు సురక్షితంగా అడగగలిగింది అదే 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, అదీ ముందు ఆర్టీవోకి రాతపూర్వకంగా అప్లికేషన్ పెట్టి అనుమతి వచ్చాకే.

ఇక ఆ ఇంజిన్ ఎక్కడిది అన్నది. మన నెల్లూరు వాళ్లకి చెన్నై పుదుపేట దగ్గర, విజయవాడ ఆటోనగర్ దగ్గర, రెండు చోట్లా పాత ఇంజిన్లు దొరుకుతాయి, కొనడం తప్పు కాదు. బిల్లు లేకుండా కొనడం తప్పు. బిల్లు మీద ఇంజిన్ నంబర్ ఉండాలి, ఆ ఇంజిన్ ఏ బండిలోంచి తీశారో ఆ బండి ఆర్సీ రద్దయినట్టు కాగితం అడగండి, ఎందుకంటే బండి పనికిరాకుండా పోతే ఓనర్ ఆ సంగతి ఆర్టీవోకి చెప్పి ఆర్సీ అప్పగించాలని 55వ సెక్షన్ ఉంది. నంబర్ గీకేసినా, మళ్లీ పంచ్ చేసినట్టు కనపడినా సగం రేటుకి ఇచ్చినా తీసుకోబాకండి. దొంగ బండి ఇంజిన్ అని తెలిసీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది, తెలియదని మీరు చెప్పుకోవడానికి చేతిలో ఉండేది ఆ బిల్లు ఒక్కటే.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఉదయగిరి వైపు నుంచి నా దగ్గరికి ఒక జీపు కేసు వచ్చింది, ఇంజిన్ మార్చి మూడేళ్లు బానే తిప్పుకున్నాడు, ఎవరూ ఆపలేదు, ఒకరోజు కల్వర్టుకి గుద్దింది. యాక్సిడెంట్ కేసు అంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి చూసి రిపోర్ట్ రాస్తాడు, ఇంజిన్ నంబర్ తేడా అక్కడే బయటపడింది, ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, అంటే సొంత బండి నష్టానికి రావాల్సిన డబ్బు, పోయింది. అవతల మనిషికి దెబ్బ తగిలుంటే ఇంకా కష్టం, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితుడికి కట్టినా తర్వాత ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకుంటానని కోర్టుని అడుగుతుంది. ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడే కేసు. మీ మార్క్ 2కి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, బరువైన డీజిల్ ఇంజిన్ ముందు పెట్టి, మౌంట్ల కోసం బాడీ కోసి వెల్డింగ్ చేసి, బ్రేకులు అట్టాగే వదిలేస్తే, ఆ సంగతి రిపోర్ట్‌లోకి ఎక్కితే నిర్లక్ష్యం కాదని వాదించడం నాకే కష్టం.

మీరు దాటేసిన విషయం ఒకటుంది, అదే నాకు పెద్దదిగా కనపడుతోంది. ఆర్సీ ఇంకా నాయన పేరు మీద ఉంది అన్నారు. ఓనర్ చనిపోతే వారసుడు 30 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకి అప్లై చేయాలి, మీకు రెండేళ్లయింది. ఇంజిన్ మార్పుకి అప్లికేషన్ పెట్టాలన్నా ఓనర్‌గా మీ పేరుండాలి. డెత్ సర్టిఫికెట్, లీగల్ హెయిర్ లేదా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లుంటే వాళ్ల అంగీకారం తీసుకుని ముందు ఇది చేయండి, ఆలస్యానికి ఫీజు పడితే కట్టేయండి. పాలసీ కూడా మీ పేరుకి మార్పించుకోండి.

ఇంకొకటి, ఇది చదివాక మీ మనసు మారుతుందని నా ఆశ. 2021లో వింటేజ్ బండ్లకి కేంద్రం వేరే రూల్స్ తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ షెల్, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలోనే ఉంటే వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. మీ 1974 బండి ఆ గీత దాటేసింది. రోజువారీ వాడకానికి పనికిరాదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోల్‌కి మాత్రమే రోడ్డెక్కాలి, అది మీకు కుదురుతుందో లేదో మీరే చూసుకోండి. కానీ బొలెరో ఇంజిన్ ఒక్కసారి పెడితే ఆ తలుపు మూసుకుపోతుంది.

నా సలహా అడిగితే, ఉన్న ఇంజిన్‌నే విప్పించి బోరింగ్ చేయించి, పిస్టన్లు రింగులు వేయించండి. బ్లాక్ అదే, నంబర్ అదే, ఆర్సీలో మారేది ఏమీ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ బిల్లులు మాత్రం దాచుకోండి.

ఇక 40 వేలు. చట్టం ఒప్పుకోని పనికి చేసుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు, కాబట్టి పని చేయలేదని కోర్టుకి పోతే మీ కేసే బలహీనపడుతుంది. అందుకే గొడవ పెట్టుకోకుండా, ఆ అడ్వాన్స్‌ని అదే షెడ్డులో బోరింగ్ పనికి సర్దమని అడగండి, ఒప్పుకుంటే ఏ పని, ఎంత రేటు, ఎన్ని రోజులు అని కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఆ పనిలో తేడా వస్తే అప్పుడు నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు పోవచ్చు, అప్పుడు మీ చేతిలో ఉండేది చెల్లే కాగితం.