సైటుకొచ్చిన పరువు ఎవరిది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా చెల్లెలికి 24 ఏళ్లు. చందా కట్టినవాళ్లకు అడల్ట్ వీడియోలు చూపించే విదేశీ సైటులో చేరతానంటోంది. "ఇప్పుడది అందరూ ఒప్పుకున్న వ్యాపారమే అక్కా. డబ్బులు నేరుగా బ్యాంకులో పడతాయి. ఒడిశా, ఆంధ్ర రెండూ బ్లాక్ చేసేస్తే మనవాళ్లకి కనపడదు" అంటోంది. ఏం చెప్పాలో తోచడం లేదు.
- ఒక అక్క

జవాబు: ఆ సైట్లకు పేరొచ్చిన మాట నిజమే. కానీ ఆ పేరు మీ చెల్లెలి దాకా రాదు.

ముందు చట్టం సంగతి. లైంగిక చర్య స్పష్టంగా ఉన్న వీడియో ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67ఎ సెక్షన్ కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. అశ్లీలం అనిపించే మామూలు ఫొటోకైనా 67వ సెక్షన్ ఉంది: 3 ఏళ్లు, 5 లక్షలు. నా ఇష్టంతోనే పెట్టుకున్నానంటే మినహాయింపు లేదు. సైటు లండన్‌లో ఉండొచ్చు, అప్‌లోడ్ అయ్యేది పర్లాకిమిడి నుంచి కదా.

పేరొచ్చాక సైటు ఎవరి మాట వింటుందో చూడండి. ఇలాంటి చందా సైటే అయిన ఓన్లీఫ్యాన్స్ పెరిగిందే ఈ వీడియోల మీద. అదే సంస్థ 2021 ఆగస్టులో, అక్టోబరు 1 నుంచి అవి వద్దని ప్రకటించింది. బ్యాంకుల ఒత్తిడి అని కారణం చెప్పింది. గొడవయ్యాక వారం తిరక్కముందే వెనక్కి తగ్గింది. ఆ వారమంతా దాని మీదే బతికేవాళ్లు ఇంటద్దె ఎలా కట్టాలా అని కూర్చున్నారు. టంబ్లర్ అనే బ్లాగుల సైటు అయితే 2018 డిసెంబరులో అడల్ట్ వీడియోలను తీసేసింది, మళ్లీ పాత పద్ధతికి రాలేదు.

కార్డు చెల్లింపులు నడిపే మాస్టర్‌కార్డ్ 2021 అక్టోబరులో ఇలాంటి సైట్లకు కొత్త నిబంధన తెచ్చింది: వీడియోలో కనిపించే ప్రతి మనిషి వయసు, గుర్తింపు రుజువుతో ఉండాలి. పిల్లల్ని, ఇష్టం లేనివాళ్లను కాపాడడానికి అది కావాల్సిందే, మేం కాదనం. కానీ గుర్తింపు కార్డు చేత్తో పట్టుకున్న సెల్ఫీ, అసలు పేరుతో సహా, మీరెన్నడూ చూడని సర్వర్‌లోకి చేరుతుంది. మారుపేరు చూసేవాళ్లకే.

బ్లాక్‌ను నమ్ముకోవద్దు. సైటు ఊరిని ఐపీ అడ్రసును (ఇంటర్నెట్‌లో ఫోనుకుండే నంబరును) బట్టి గుర్తిస్తుంది. మొబైల్ డేటాలో అది వేరే రాష్ట్రంలోని నగరాన్ని చూపించవచ్చు. వీపీఎన్ (అసలు చోటు దాచే యాప్) పెట్టినవాడికి ఏ అడ్డూ ఉండదు. అన్నిటికీ మించి, చందా కట్టినవాడు స్క్రీన్ రికార్డు చేసి టెలిగ్రామ్‌లో వేస్తే బ్లాక్ దేనికి?

డబ్బు లెక్క: నెలకు 10 డాలర్లిచ్చేవాళ్లు 100 మంది దొరికితే 1,000 డాలర్లు. సైటు వాటా 20 శాతం పోగా 800. మార్పిడి ఖర్చులు, ఆదాయపు పన్ను వేరే. ఆ 100 మందిని తెచ్చుకోవడమే కష్టం. పేరున్న నటీమణులు వచ్చిన చోట కొత్త పిల్ల వైపు ఎవరు చూస్తారు?

ఆమెను తిట్టకండి. తిడితే రేపు ఎవడైనా బెదిరించినప్పుడు మీకు చెప్పదు. ఇప్పటికే ఏదైనా బయటికి వచ్చి ఉంటే బెదిరింపు మెసేజీలు, లింకులు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, డబ్బు పంపకండి. స్టాప్ ఎన్‌సీఐఐ అనే సేవలో ఫొటో ఫోను దాటకుండానే దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ గుర్తుతో పోల్చి తీసేస్తాయి. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మహిళల విభాగం కింద పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు. కాకపోతే తన వీడియోను తానే పెట్టి ఉంటే, ఫిర్యాదుకు ముందు ఒక వకీలును కలవండి.