‘చూద్దాంలే’ అనే మాట మానుకోవడంతో మొదలుపెట్టండి

ఇటీవలే మేనేజర్ అయ్యాననీ, పది మంది ముందు ధాటిగా మాట్లాడలేకపోతున్నాననీ, ఎలాంటి శిక్షణ తీసుకుంటే మంచిదనీ మీరు అడిగారు. ధాటిగా మాట్లాడలేక చెడిపోయిన మేనేజర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. చెడినవారంతా కిందివారి మాట చెవిన వేసుకోకనే చెడ్డారు. వారిలో నేనూ ఒకడిని.

కొన్నేళ్ల క్రితం పాత సర్వర్‌లోని సమాచారమంతా కొత్తదానికి మార్చే పని మా బృందానికి అప్పగించారు. శనివారం రాత్రి పని మొదలుకావాలి, గురువారం ఆఖరి సమావేశం. నేను అరగంటపాటు ప్రణాళిక వివరించి, ‘సందేహాలేమైనా ఉన్నాయా?’ అని అడిగాను. నాలుగు నెలల క్రితమే చేరిన ఒక అమ్మాయి మెల్లగా, ‘సార్, బ్యాకప్‌ను ఒకసారి రీస్టోర్ చేసి చూస్తే బాగుంటుందేమో’ అంది. అంటే, దాచి ఉంచిన నకలు నుంచి సమాచారం సరిగ్గా తిరిగి వస్తుందో లేదో ముందే పరీక్షించడం. నేను ల్యాప్‌టాప్ మీది నుంచి చూపు తిప్పకుండానే, ‘బ్యాకప్ ఉంది కదమ్మా, చూద్దాంలే’ అన్నాను. ఆ అమ్మాయి మళ్లీ నోరు మెదపలేదు.

శనివారం అర్ధరాత్రి దాటాక పని సగంలో ఆగిపోయింది. వెనక్కి వెళ్దామని బ్యాకప్ తెరిస్తే అది అసంపూర్తిగా ఉంది. అంతకు ముందు వారం కాపీ వెతికి తీసి, మిగిలిన నమోదులను చేత్తో ఎక్కించుకుంటూ ముగ్గురం మూడు రోజులు ఆఫీసులోనే ఉండిపోయాం. ‘ముందే గట్టిగా చెప్పవలసింది కదా’ అని నేను ఆ అమ్మాయిని అడిగినప్పుడు, ఆమె ఏమీ అనకుండా తన నోటు పుస్తకం నా ముందు పెట్టింది. అందులో ‘బ్యాకప్ రీస్టోర్ – సార్‌ను అడగాలి’ అని రాసి, దానిపై ఒక అడ్డగీత కొట్టి ఉంది. అడగవలసింది అడిగేసింది కనుక ఆమె లెక్కలో ఆ పని అయిపోయింది.

మన వాళ్లు పైవారికి హెచ్చరిక చేయవలసి వస్తే దాన్ని ‘ఏమో’లో చుట్టి చెబుతారు. ‘కాస్త ఆలస్యమవుతుందేమో’ అంటే ఆలస్యం ఖాయమని అర్థం. ఇక మేనేజర్ నోటి నుంచి వచ్చే ‘లే’ ఆ తలుపు మూసేస్తుంది. శిక్షణ తరగతుల్లో గొంతు ఎక్కడ పెంచాలో, స్లైడులో ఎన్ని వాక్యాలుండాలో రెండు రోజులు నేర్పుతారు కానీ, ఈ ‘ఏమో’ను పట్టుకోవడం గురించి ఒక్క గంట కూడా చెప్పరు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం ఇదే.

విమానయాన రంగం ఈ పాఠాన్ని భయంకరమైన మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలోని విమానాశ్రయంలో పొగమంచు కమ్మిన రన్‌వేపై రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. టేకాఫ్ కోసం పరుగు తీస్తున్న విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్, రెండో విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనన్న అనుమానంతో అడిగాడు. ఎంతో అనుభవజ్ఞుడైన కెప్టెన్ అది తప్పుకుందని నొక్కి చెప్పడంతో పరుగు ఆగలేదు. ఆ తర్వాతి సంవత్సరాలలో, కిందివారు సందేహాన్ని స్పష్టంగా చెప్పడాన్నీ, కెప్టెన్ దాన్ని ఆలకించడాన్నీ శిక్షణలో భాగం చేశారు.

నేను ఇప్పుడు ‘సందేహాలున్నాయా?’ అని అడగను, దానికి లేవనే జవాబు వస్తుంది. ‘ఈ పనిలో ముందుగా ఏది దెబ్బతింటుంది?’ అని అడిగి, ల్యాప్‌టాప్ మూసి, ఎవరో ఒకరు నోరు విప్పేదాకా మౌనంగా ఉంటాను. ఆ మౌనం మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది, అయినా మీరే దాన్ని నింపకండి. మీ తదుపరి సమావేశంలో అందరికంటే కొత్తగా చేరినవారిని ముందు మాట్లాడించి, మీ అభిప్రాయం అందరి తర్వాత చెప్పండి.