రెండో కంప్యూటర్ కొనే ముందు ఒక రాత్రి కొడుకు గదిలో కూర్చోండి

ప్రశ్న: సార్, మాది పరకాల. కింద ఎరువుల దుకాణం, పైన ఇల్లు. మావాడు హనుమకొండలో బీటెక్ సెకండియర్, రోజూ బస్సులో పోయొస్తడు. పోయినేడాది 90 వేలు పెట్టి ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ కొనిచ్చిన. ఇప్పుడు ఆటలు లైవ్ పెట్టాలంటే ఇంకో కంప్యూటర్, ఆట బొమ్మను దాంట్లకు పంపే క్యాప్చర్ కార్డు కావాలంటున్నడు. ఒక్కదాంట్లో లైవ్ ఆగి ఆగి వస్తుందట. నెట్ దుకాణంలనే ఉన్నది, పైకి వైఫై వస్తది. వాడు అన్నం కూడా సరిగ్గ తింటలేడు. ఒక కంప్యూటర్ సరిపోతదా, రెండు కావాల్నా? దీంట్లో భవిష్యత్తు ఉన్నదా?

జవాబు: అన్నా, ఒకటి సరిపోతుంది. ముందు ఆ టెన్షన్ తీసేసుకోండి.

రెండు కంప్యూటర్ల మాట మీవాడు పుట్టించింది కాదు. ఆట ఆడుతూనే లైవ్ పంపాలంటే, ఆ వీడియోను క్షణక్షణం కుదించి పంపాలి. ఒకప్పుడు మంచి క్వాలిటీ కావాలంటే ఆ బరువంతా ప్రాసెసర్ మీదే పడేది. నాలుగు కోర్ల ప్రాసెసర్ ఆటనూ దీన్నీ కలిపి మోయలేకపోయేది. అందుకే పెద్ద స్ట్రీమర్లు ఆటకు ఒకటి, లైవ్‌కు ఒకటి పెట్టుకున్నారు. 2018లో ఎన్విడియా కంపెనీ ట్యూరింగ్ తరం గ్రాఫిక్స్ కార్డులు వచ్చాక పరిస్థితి మారింది. కుదించే పనికి కార్డులోనే ఎన్‌వెంక్ అనే విడి భాగం ఉంటుంది. అది అంతకుముందు నుంచీ ఉన్నదే, కానీ ఆ తరంలో దాని క్వాలిటీ బాగా పెరిగింది. మీ 3060 దాని తర్వాతి తరానిది. పాత వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి, పిల్లలు వాటినే చూసి రెండు కావాలంటున్నారు.

మరి ఆగి ఆగి ఎందుకు వస్తోంది? లైవ్ పంపడానికి వాడు ఓబీఎస్ వాడుతుంటాడు, అది ఉచితమే. అందులో స్టాట్స్ అనే విండో తెరవమనండి. లైవ్ నడుస్తుంటే అక్కడ మూడు అంకెలు కనిపిస్తాయి. రెండరింగ్ లాగ్ పెరుగుతుంటే ఆటే కార్డు మొత్తాన్ని తినేస్తోందని అర్థం. ఆట సెకనుకు చూపే బొమ్మలకు, అంటే ఫ్రేములకు, ఒక హద్దు పెడితే తగ్గుతుంది. ఎన్‌కోడింగ్ లాగ్ పెరుగుతుంటే సెట్టింగుల్లో ఇంకా ప్రాసెసర్ మీద బరువు వేసే ఎక్స్264 ఉందేమో చూసి ఎన్‌వెంక్‌కు మార్చాలి. మూడోది డ్రాప్డ్ ఫ్రేములు, అది నెట్ సమస్య. నాకు అనుమానం దాని మీదే, ఎందుకంటే రౌటర్ కింద దుకాణంలో ఉంది, వాడు పై గదిలో ఉన్నాడు. సెకనుకు 6,000 కిలోబిట్ల దగ్గర లైవ్ పెడితే గంటకు దాదాపు 2.7 జీబీ నెట్‌లోకి పోవాలి. ఇక్కడ చూడాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. అంతదూరం వైఫై మీద అది నిలకడగా పోకపోవచ్చు. పది కంప్యూటర్లు కొన్నా ఆ జబ్బు అలాగే ఉంటుంది.

రెండోది నిజంగా అవసరమయ్యేవాళ్లు ఉన్నారు. పోటీల్లో ఆడుతూ ఒక్క ఫ్రేము కూడా పోగొట్టుకోలేనివాళ్లు, నాలుగైదు కెమెరాలతో కార్యక్రమాలు నడిపేవాళ్లు. మీవాడు ఇంకా అక్కడ లేడు. పైగా రెండో కంప్యూటర్ వస్తే దాని వెనక క్యాప్చర్ కార్డు, వైర్లు, ఇంకో యూపీఎస్ వస్తాయి. ఆట శబ్దం ఒకదాంట్లో, మైకు ఇంకోదాంట్లో ఉంటే ఆ రెండింటినీ కలపడం వేరే తలనొప్పి.

ఇక మీరు అడగకుండా అడిగిన ప్రశ్న: కొడుకు చేజారిపోతున్నాడా అని. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఈ భయంతోనే తల్లిదండ్రులు నాకు ఫోన్ చేస్తారు. ఒకరికి క్రికెట్ కోచింగ్, ఒకరికి షార్ట్ ఫిల్ములు, ఇప్పుడు లైవ్. కొంచెం కఠినంగా చెప్తాను, ఏమనుకోవద్దు. మీరు కార్డు పేరు రాశారు, ధర రాశారు. వాడి ఛానల్ పేరు రాయలేదు. ఏ ఆట ఆడతాడో, ఎంతమంది చూస్తారో కూడా రాయలేదు. 90 వేలు ఇచ్చిన మనిషికి ఒక్క గంట వాడి పక్కన కూర్చోవాలని అనిపించలేదా అన్నా? రైతు వచ్చి పంటకు పురుగు పట్టిందంటే ఆకు చూడకుండా మందు ఇస్తారా మీరు? మరి కొడుకు విషయంలో ఎందుకిలా చేశారు?

వాడు చెడిపోలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు గంటలకొద్దీ మాట్లాడటం, శబ్దం సరిచేసుకోవడం, లైవ్ మధ్యలో తప్పు దొరకబట్టుకోవడం, ఇవన్నీ పనికొచ్చే విద్యలే. అన్నం సంగతి రాత్రి పొద్దుపోయేదాకా మేల్కోవడం వల్లే అయి ఉండొచ్చు. ఆ టైం మార్చాలి, తిట్టొద్దు.

కానీ దీన్నే బతుకుతెరువు చేసుకుంటానంటే మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. యూట్యూబ్ ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. అది గేటు మాత్రమే, జీతం కాదు. అంతకన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఈ పనిలో ఆట మనది కాదు, వేదిక మనది కాదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధించారు. దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో ఆగిపోయి, మళ్లీ 2023లో వచ్చింది. ఆ ఒక్క ఆట మీదే ఛానల్ కట్టుకున్న పిల్లల గతి ఆలోచించండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈస్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేములను, గుర్తించింది, మంచిదే. డబ్బు పెట్టి ఆడే ఆటలను, వాటి ప్రకటనలను మాత్రం నిషేధించింది. అలాంటి యాప్ గురించి లైవ్‌లో చెప్తే డబ్బిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దని వాడికి ఇప్పుడే చెప్పండి. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో లైవ్ మీదే ఇల్లు నడిపేవాణ్ని నేను ఇంకా చూడలేదు. డిగ్రీ వదిలేస్తానంటే ఒప్పుకోకండి.

అదే విద్యకు మన దగ్గర వేరే గిరాకీ ఉంది. కరోనా తర్వాత పెళ్లి లైవ్ మామూలైపోయింది. వరంగల్, కరీంనగర్‌లలో ఫోటో స్టూడియోల వాళ్లు కెమెరాలు కలిపి, శబ్దం చూసుకొని, నెట్ పోకుండా లైవ్ నడిపే కుర్రాళ్లను వెతుక్కుంటున్నారు. ఈ సెలవుల్లో ఏదైనా స్టూడియోలో నాలుగు పెళ్లిళ్లకు పంపండి. ఈ పని మీద ఇష్టం ఎంతుందో వాడికే తెలిసొస్తుంది.

ఇవాళ దుకాణం మూసేశాక పైకి వెళ్లి, లైవ్ చూపించమని అడగండి. సలహా చెప్పొద్దు, చూడండి చాలు. ఆ మూడు అంకెల్లో ఏది పెరుగుతోందో వాణ్నే చెప్పనివ్వండి. మూడోదే అయితే కొనాల్సింది దుకాణం నుంచి పై గదిదాకా నెట్ తెచ్చే ఒక లాన్ వైరు. ఆదివారం ఇద్దరూ కలిసి హనుమకొండ చౌరస్తాకు వచ్చి కొనుక్కోండి, వచ్చినప్పుడు అక్కడే ఏదైనా హోటల్లో వాడికి కడుపునిండా అన్నం పెట్టించండి.