‘ఫ్రెండ్స్’లో అన్నిటికంటే పేలవమైన ఎపిసోడ్ ఏది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

‘ఫ్రెండ్స్’ ధారావాహికను కొత్తగా మొదలుపెట్టేవారు వదిలేయదగిన ఎపిసోడ్ ఏదైనా ఉన్నదా అని గత సంచికలో ఒక పాఠకుడు అడిగారు. నాలుగో సీజన్‌లోని పెళ్లి శుభలేఖ ఎపిసోడ్‌ను నిశ్చింతగా వదిలేయవచ్చునని ఒక్క వాక్యంలో జవాబిచ్చి ఊరుకున్నాను. ఆ ఒక్క వాక్యం ఇంతమందికి కోపం తెప్పిస్తుందని ఊహించలేదు. రాస్, రేచెల్, మోనికా, చాండ్లర్, జోయి, ఫీబీ అనే ఆరుగురు స్నేహితుల కథ ఇది. 1994 సెప్టెంబరు 22న అమెరికాలో ఎన్‌బీసీ చానెల్‌లో మొదలై 2004 మే 6న ముగిసిన ఈ హాస్య ధారావాహికలో మొత్తం 236 ఎపిసోడ్లు ఉన్నాయి. వాటిలో ఏది బలహీనమైనదో తేల్చాలని వచ్చిన ఉత్తరాలకే ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాను.

ప్రశ్న: రాస్, రేచెల్‌ల ప్రేమకథ మొత్తం ఒక్కచోట కనిపించే ఎపిసోడ్‌ను వదిలేయమన్నారు. దాని మీద మీకు అంత చేదు ఎందుకు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నా ఫిర్యాదు చేదు గురించి కాదమ్మా, చప్పదనం గురించి. అందులో కొత్తగా జరిగేది వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. రాస్‌కు ఎమిలీతో పెళ్లి కుదిరింది, శుభలేఖలు అచ్చయ్యాయి, రేచెల్‌ను పిలవాలా వద్దా అన్న సంకోచం రాస్‌ది, పిలుపు అందాక వెళ్లాలా వద్దా అన్న సంకోచం రేచెల్‌ది, చివరికి ఆమె వెళ్లకూడదని నిశ్చయించుకుంటుంది. మిగిలిన సమయమంతా వెనకటి సీజన్ల నుంచి కోసి తెచ్చిన దృశ్యాలే. ఇటువంటివాటిని టీవీ పరిశ్రమలో క్లిప్ షో అంటారు. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున పోపు పెట్టి పులిహోర అని వడ్డించడం ఇల్లాలికి తప్పు కాదు గానీ, విందుకు పిలిచి ఆ పని చేస్తే అతిథికి తెలిసిపోతుంది.

ఇలా వడ్డించడానికి కారణాలు లేకపోలేదు. అప్పట్లో అమెరికన్ చానెళ్లు ఏడాదికి సుమారు 24 ఎపిసోడ్లు అడిగేవి. అన్ని కథలు రాయడం, వాటిని స్టూడియోలో ప్రేక్షకుల ఎదుట చిత్రీకరించడం ఊపిరి సలపని పని. సీజన్ చివరికి వచ్చేసరికి రచయితలు అలసిపోతారు, ఖర్చు పెరుగుతుంది. పాత దృశ్యాలతో అల్లిన ఒక ఎపిసోడ్ చిత్రీకరణ రోజులను తగ్గించి, ముందున్న పెద్ద కథకు కాస్త వ్యవధి ఇస్తుంది. 1998 మే 7న ప్రసారమైన లండన్ పెళ్లి కథ అటువంటి పెద్ద కథే.

అయితే మీ ఉత్తరం చదివాక ఆ ఎపిసోడ్‌ను మరోసారి చూశాను, చూసి నా మాటను కొంత వెనక్కి తీసుకుంటున్నాను. దానికీ లండన్ కథకూ మధ్య ఒక్క ఎపిసోడే ఉన్నది. రాస్, రేచెల్ విడిపోయిన కథ అప్పటికి ఏడాదికి పైగా పాతబడిపోయింది. వారానికి ఒక్కటి చొప్పున చూస్తూ, తప్పిపోయినదాన్ని కోరుకున్నప్పుడు మళ్లీ చూసే సులువైన దారిలేని 1998 నాటి ప్రేక్షకుడికి, పెళ్లిపీటల ముందు రాస్ నోట ఎమిలీ పేరుకు బదులు రేచెల్ పేరు దొర్లినప్పుడు గుండె ఝల్లుమనాలంటే, ఆ పాత ప్రేమ మనసులో పచ్చిగా ఉండాలి. ఆ పని ఈ ఎపిసోడ్ చేసింది. నిన్న రాత్రే మూడో సీజన్ ముగించి ఈ రోజు నాలుగో సీజన్ చూస్తున్నవారికి మాత్రం అది అక్కరలేని పునశ్చరణ. నేను జవాబిచ్చింది వీరికి, మీరు ప్రశ్నించింది వారి తరఫున అనుకుంటాను.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో ప్రేక్షకులు ఇచ్చిన మార్కులను చూస్తే అట్టడుగున ఉండేవన్నీ క్లిప్ షోలే. ఇక వాదన ఎందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ‘ఫ్రెండ్స్’లో ఇటువంటివి ఆరు ఉన్నాయి: నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో ఒక్కొక్కటి. వాటికి తక్కువ మార్కులు రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ ఆరింటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

ఎనిమిదో సీజన్‌లోని జోయి ఇంటర్వ్యూ ఎపిసోడ్‌ను చూడండి. సోప్ ఒపేరాల (టీవీ డైలీ సీరియళ్ల) పత్రిక తరఫున ఒక విలేఖరి, అటువంటి సీరియల్‌లో నటించే జోయిని ప్రశ్నించడానికి కాఫీ దుకాణానికి వస్తుంది. మునుపు ఇటువంటి ఇంటర్వ్యూలోనే తన సంభాషణలు చాలావరకు తానే రాసుకుంటానని జోయి గొప్పలు పోతే, కోపగించిన రచయితలు అతని డాక్టర్ పాత్రను లిఫ్టు గుంతలో పడవేసి చంపేశారు. అందుకే ఈసారి అతను నోరు జారకుండా కాపలా కాయడానికి స్నేహితులు పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. పాత దృశ్యాలు చూపించడానికి ఇంతకంటే సహజమైన సాకు దొరకదు. విలేఖరి ప్రశ్న అడుగుతుంది, జోయి గంభీరంగా ఒకటి చెబుతాడు, ఆ వెంటనే వచ్చే పాత దృశ్యం అతని మాటను అబద్ధం చేస్తుంది. అక్కడ కత్తిరింపే హాస్యం. ఏడో సీజన్‌లో మోనికా, చాండ్లర్‌లు పెళ్లి ప్రమాణాలు రాసుకొనే ఎపిసోడ్‌లో ఈ తెలివి కనిపించదు. ఇద్దరూ కాగితం ముందు కూర్చొని గతాన్ని తలచుకుంటారు, మనం గడియారం చూసుకుంటాము.

ప్రశ్న: నా దృష్టిలో అతి బలహీనమైనది సూపర్ బౌల్ తరువాత వేసిన రెండు భాగాల ఎపిసోడ్. ఇది వినగానే స్నేహితులు నన్ను వెలివేసినంత పని చేశారు. మీరైనా నా పక్షాన ఉంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సగం ఉంటాను. అమెరికన్ ఫుట్‌బాల్‌కు పెద్ద పండుగ లాంటి సూపర్ బౌల్ ముగిసిన వెంటనే, 1996 జనవరి 28న దాన్ని ప్రసారం చేశారు. సుమారు 5 కోట్ల 29 లక్షల మంది చూశారు. ఈ ధారావాహికలో మరే ఎపిసోడ్‌కూ, చివరిదానికి సైతం, అంతమంది ప్రేక్షకులు లేరు. మ్యాచ్ చూడడానికి కూర్చున్నవారిని లేవనీయకుండా ఆపడమే దాని పరమార్థం. అందుకే తారలను బుట్టలో పోసినట్లు పోశారు. జూలియా రాబర్ట్స్, బ్రూక్ షీల్డ్స్, జాన్ క్లాడ్ వాన్ డామ్, క్రిస్ ఐజాక్ వంటి అతిథులు సరిపోక, ఎప్పుడో ఇల్లు వదిలిన రాస్ పెంపుడు కోతి మార్సెల్ కూడా సినిమా నటుడై తిరిగి వచ్చింది.

వాన్ డామ్ కోసం మోనికా, రేచెల్ కొట్టుకొనే కథను మీకు వదిలేస్తున్నాను, దానిని కాపాడడానికి నా దగ్గర వాదన లేదు. ఆ ఇద్దరినీ అంతవరకు చూసినవారెవరూ వారు అలా ప్రవర్తిస్తారని నమ్మరు. కానీ నాలుగో తరగతిలో వేదిక మీద తన గౌను ఎత్తి అందరిలో నవ్వులపాలు చేసిన చాండ్లర్ మీద జూలియా రాబర్ట్స్ పాత్ర ఇన్నేళ్ల తరువాత కసి తీర్చుకొనే కథ పకడ్బందీగా సాగుతుంది. గ్రంథాలయంలో పిల్లలకు పాటలు పాడమంటే, పెద్దలు దాచిపెట్టే నిజాలన్నీ పాటకట్టి పాడి ఉద్యోగం పోగొట్టుకొనే ఫీబీని తీసివేయడానికి నాకు చేతులు రావు. మీ స్నేహితులతో సంధి చేసుకోవాలంటే కోతిని మాత్రం మీ వాటాకు ఉంచుకోండి.

ప్రశ్న: క్లిప్ షోలను అందరూ తిడతారు. నన్ను నిజంగా బాధపెట్టినది జోయి, రేచెల్‌ల ప్రేమ. ఆ కథ ఉన్న ఎపిసోడ్లన్నిటినీ బలహీనమైనవిగా లెక్కించకూడదా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినది మీదే. క్లిప్ షో బద్ధకంతో చేసిన తప్పు, దానివల్ల ఎవరి స్వభావమూ చెడదు. జోయి, రేచెల్‌ల కథ అలా కాదు. ఈ మలుపును చెప్పినప్పుడు నటులే మొదట కంగారుపడ్డారని సృష్టికర్తలలో ఒకరైన డేవిడ్ క్రేన్ తరువాతి కాలంలో చెప్పారు కూడా.

అయినా మొదలు బాగుందని ఒప్పుకోక తప్పదు. ఎనిమిదో సీజన్‌లో రేచెల్ గర్భవతి, బిడ్డ తండ్రి రాస్, ఆమె ఉంటున్నది జోయి ఇంట్లో. అంతవరకు ఏ అమ్మాయినీ రెండు రోజులకు మించి తలచుకోని జోయి, మనసు విప్పి చెప్పలేక నలిగిపోవడం, చివరికి భోజనశాలలో ఆమె ఎదుట చెప్పేయడం, ఆమె అతన్ని నొప్పించకుండా కాదనడం – ఇవి ఆ సీజన్‌లో మెత్తని ఘట్టాలు. కథ అక్కడ ఆగి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారు కాదు. ఆపలేదు. తొమ్మిదో సీజన్ చివర ఈసారి రేచెల్‌కు ప్రేమ కలిగించి, బార్బడోస్‌లో ఇద్దరినీ కలిపి, పదో సీజన్ మూడో ఎపిసోడ్‌కల్లా చేతులు దులుపుకొన్నారు. ఎలాగంటే, జోయి దగ్గరికి రాబోయినప్పుడల్లా రేచెల్ తనకు తెలియకుండానే అతని చేతిని చరుస్తుంది, స్నేహం అడ్డొస్తున్నదని ఇద్దరికీ అర్థమవుతుంది, కథ కంచికి వెళుతుంది. అంత బరువుగా ఎత్తుకున్నదాన్ని అంత తేలికగా దించడమే నా దృష్టిలో ఈ ధారావాహిక మొత్తం మీద పెద్ద లోపం.

ఇక్కడే చిక్కు ఉన్నది. మీరు బలహీనమైనదిగా లెక్కించమంటున్న ఆ మూడో ఎపిసోడ్‌లోనే యంత్రం రంగు చిమ్మే గదిలో నిలబడి రాస్ చర్మానికి రంగు వేయించుకొనే కథ కూడా ఉన్నది. ‘ఐదు అంకెలు లెక్కపెట్టండి, ఒళ్లు అద్దుకోండి, వెనక్కి తిరగండి’ అని దుకాణంలో చెబుతారు. పీహెచ్‌డీ చేసిన రాస్, సెకనుకు సరిపోయేలా ప్రతి అంకె వెనుకా ‘మిస్సిసిపీ’ అని చేరుస్తూ, తొందరలేకుండా లెక్కపెడతాడు. లెక్క పూర్తయి తిరిగేలోపే రెండో విడత రంగు మళ్లీ ముందువైపే పడుతుంది. సరిచేసుకుందామని తిరిగి వెళితే అప్పుడూ ముందువైపే. చివరికి ఎదుట ఇటుక రంగు, వెనుక సున్నం రంగు. ఎన్నిసార్లు చూసినా ఆ లెక్క మొదలుకాగానే నాకు నవ్వు ఆగదు.

‘ఫ్రెండ్స్’ ఎపిసోడ్ సాధారణంగా మూడు కథల జడ. ఈ ఎపిసోడ్‌లో రాస్ రంగు ఒక పాయ, జోయి, రేచెల్ రెండోది, విదేశీ యాస తెచ్చిపెట్టుకొని మాట్లాడే పాత పొరుగు స్త్రీని వదిలించుకోవాలని మోనికా, ఫీబీ పడే తిప్పలు మూడోది. ఎపిసోడ్‌కు మొత్తంగా ఒక మార్కు వేస్తే రెండో పాయ చేసిన తప్పుకు మొదటి పాయ శిక్ష అనుభవిస్తుంది. మార్కు పాయకు వేయండి. అప్పుడు మీతో నాకు ఏ పేచీ లేదు: జోయి, రేచెల్‌ల పాయకు చివరి స్థానం ఇచ్చేయవచ్చు.

ప్రశ్న: ఇప్పుడు మా అమ్మాయితో కలిసి చూస్తుంటే కొన్ని ఎపిసోడ్లు ఇబ్బంది పెడుతున్నాయి. కాలం చెల్లిన హాస్యాన్ని బలహీనతగా లెక్కించాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లెక్కించాలి, కానీ దేనిని అన్నది చూసుకోవాలి. తొమ్మిదో సీజన్‌లో రాస్, రేచెల్‌ల పాపను చూసుకోవడానికి ఒక మగ ఆయా వస్తాడు. అతను పిల్లనగ్రోవి ఊదుతాడు, తోలుబొమ్మలు ఆడిస్తాడు, కంటతడి పెడతాడు. రాస్‌కు అదంతా గిట్టదు. చాలామంది దీనిని తప్పు పట్టే జాబితాలో చేరుస్తారు. నేను చేర్చను, ఎందుకంటే ఆ కథ నవ్వేది ఆయాను చూసి కాదు, రాస్‌ను చూసి. చివర రాస్ తన చిన్ననాటి డైనోసార్ బొమ్మలనూ, తండ్రి వాటిని చూసి ముఖం చిట్లించడాన్నీ తలచుకొని, తాను పనిలోనుంచి తీసేసిన మనిషి దగ్గరే ఏడుస్తాడు.

మోనికా లావుగా ఉన్న రోజులను చూపే వెనకటి దృశ్యాల సంగతి వేరు. అక్కడ ఆమె శరీరమే జోకు, దాని వెనుక మరేమీ లేదు. అవి వచ్చేది అందరూ నెత్తిన పెట్టుకొనే ఎపిసోడ్లలోనే కాబట్టి ఏ బలహీనమైన ఎపిసోడ్ల జాబితాలోనూ కనిపించవు. మీ అమ్మాయి వాటి దగ్గర నవ్వకపోతే నవ్వమని బలవంతపెట్టకండి.

ప్రశ్న: మన ‘అమృతం’ గురించి కూడా ఇలాగే తేల్చి చెప్పండి.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్‌లలో అసలైన అమృతరావు ఎవరన్నదే ఇంకా ఎవరి ఇంట్లోనూ తేలలేదు. అది తేలాక ఎపిసోడ్ల సంగతికి వద్దాము.

ప్రశ్న: ఈ వేసవిలో మొదటిసారి చూడబోతున్నాను. ఆ ఆరు క్లిప్ షోలనూ దాటవేస్తే కథలో ఏమైనా తప్పిపోతానా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: నాలుగు, ఏడు, ఎనిమిది సీజన్లలోనివి దాటవేయవచ్చు. ఆరో సీజన్‌లోనిది వదిలేసినా నష్టం లేదు. రోబోతో కలిసి పనిచేసే డిటెక్టివ్ వేషం జోయికి దొరికిందన్న ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు. పదో సీజన్‌లోనిది మాత్రం చూడండి. చాండ్లర్ ఎవరో స్త్రీతో కారెక్కడం చూసి రేచెల్, ఫీబీ వెంటపడతారు, తీరా ఆమె ఇళ్లు చూపించే ఏజెంటు. పిల్లలు సైకిలు తొక్కుకొనే వీధిలో ఇల్లు కొనుక్కుంటున్నామని మోనికా, చాండ్లర్‌లు చెప్పే కబురు ఆ ఎపిసోడ్‌లోనే వస్తుంది. తొమ్మిదో సీజన్‌లోని క్రిస్మస్ ఎపిసోడ్‌ను అసలు దాటవేయవద్దు. ఉద్యోగం కోసం టల్సా నగరంలో ఒంటరిగా పండుగ గడపవలసి వచ్చిన చాండ్లర్ రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేది అందులోనే. అది చూడకపోతే, ఆ వయసులో అతను ప్రకటనల సంస్థలో కుర్రకారు పక్కన కూర్చొని ఎందుకు శిక్షణ పొందుతున్నాడో తెలియక మళ్లీ నాకే ఉత్తరం రాయవలసి వస్తుంది.