పెద్దోడి రీలుకి నాలుగు లక్షల వ్యూలు, మా అత్తకి ఫోను మోగితే వణుకు

ప్రశ్న: మేడం, మాది అల్లూరు పక్కన పల్లె. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటాడు. పెద్దోడు కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం. పోయిన నెల వాళ్ళ నాయనమ్మ దగ్గరికి పోయి "నాయనకి గుంట కాడ కరెంటు షాక్ కొట్టింది, ఆస్పత్రికి తీసకపోయినారు" అని అబద్ధం చెప్పి ఆమె గుండెలు బాదుకుని ఏడస్తా ఉంటే వీడియో తీసి ఇన్‌స్టాలో పెట్టినాడు. నాలుగు లక్షల మంది చూశారంట. ఆమెకి బీపీ ఉంది, వాడితో మాట్లాట్లేదు, ఫోను మోగితే చాలు వణికిపోయి "అబ్బోడు బాగుండాడా" అంటా ఉంది. వాడేమో ఇంకోటి తీస్తా, డబ్బులొస్తాయి అంటాడు. మా ఆయన ఫోను పగలగొడతా అంటాడు. నేను రోజూ ఆ కామెంట్లు చదువుకుంటా ఏడవడం, మమ్మల్ని తిట్టినోళ్ళకి రిప్లైలు పెట్టడం తప్ప ఏం చెయ్యలేకపోతున్నా.

జవాబు: అమ్మా, ముందు నీ సంగతే చెప్తా, కోపం తెచ్చుకోబాక. ఆ వీడియోని ఇంకా నడిపిస్తా ఉన్నోళ్ళలో నువ్వూ ఉండావు.

మీ ఆయన్ని అడుగు, గుంటలో మేత ఎట్లా వేస్తారో. చెక్ ట్రేలో కొంచెం మేత పెట్టి నీళ్ళలోకి దించి, గంటో రెండు గంటలో ఆగి పైకి లాగి చూస్తారు కదా, ట్రే ఖాళీ అయితే మేత పెంచుతారు మిగిలితే తగ్గిస్తారు, ఇన్‌స్టా, యూట్యూబ్ చేసేది కూడా దాదాపు అదే పని. ముందు కొద్దిమందికి చూపిస్తది, వాళ్ళు చివరిదాకా చూశారా, మళ్ళీ చూశారా, ఇంకొకరికి పంపారా, కామెంట్ పెట్టారా అని చూసుకుంటది, ట్రే ఖాళీ అయిందనుకో ఇంకో పదివేల మందికి వదులుద్ది. నువ్వు ఏడస్తా చదివినావా నవ్వతా చదివినావా దానికి అనవసరం. నువ్వు తిట్టినోడికి పెట్టిన రిప్లై కూడా ట్రేలో మేత తిన్నట్టే లెక్క. మీ బంధువులు కూడా "చూడండి ఈ కాలం పిలకాయలు ఎట్టా తయారైనారో" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి ఉంటారు, తిప్పకుండా ఉంటారా, అదీ అంతే.

ఇది నా ఊహ కాదు. ఫేస్‌బుక్ వాళ్ళు 2017లో, పోస్టు కింద మనం నొక్కే కోపం బొమ్మ, ఏడుపు బొమ్మ లాంటి వాటికి మామూలు లైకు కంటే 5 రెట్లు ఎక్కువ విలువ కట్టారు, తర్వాత వాళ్ళ సొంత ఉద్యోగులే కోపం బొమ్మలు ఎక్కువ పడే పోస్టుల్లో అబద్ధాలు, చెత్త ఎక్కువుంటున్నాయని తేల్చారు, చివరికి 2020లో కోపం బొమ్మ విలువ సున్నా చేసుకున్నారు. మూడేళ్ళు పట్టింది.

అందుకని ఈ రోజు నుంచి ఆ వీడియో తెరవొద్దు, ఎవరికీ సమాధానం ఇవ్వొద్దు, బంధువులకి కూడా "పంపొద్దు, చూడొద్దు" అని ఒక్క మాట చెప్పు, తిట్టబాక.

ఇంక పిల్లోడు. వాడు చెడ్డోడు అని నేను అనను, కానీ చేసింది చిన్న తప్పూ కాదు. కన్నకొడుకు పోతాడేమో అని ముసలామె గుండెలు బాదుకుంటా ఉంటే కెమెరా దగ్గరికి పెట్టి పట్టుకున్నాడంటే, ఆ క్షణం వాడికి ఆమె నాయనమ్మ కాదు, రీలు దాటిపోయేవాళ్ళని ఆపే మొదటి మూడు సెకన్ల సరుకు. ఈ మాట వాడికి ఇట్లానే చెప్పాలి, అది కూడా వాళ్ళ నాయన చెప్పాలి, ఫోను పగలగొట్టకుండా. ఫోను పగిలితే స్నేహితుడి ఫోనులో తీస్తాడు, పైగా "మా నాయన నా ఫోను పగలగొట్టాడు" అని అదే ఇంకో రీలు అయిద్ది, చూస్తా ఉండు.

డబ్బుల సంగతి వాడితో కూర్చుని లెక్క వెయ్యండి. యూట్యూబ్ షార్ట్స్ మీద ప్రకటనల డబ్బుల్లో వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి వ్యూలు కావాలి. వాడి నాలుగు లక్షలు వేరే యాప్‌లో, అదీ ఒక్కసారి. ఇంకోసారి రావాలంటే ఇంతకంటే పెద్ద అబద్ధం చెప్పాల, ఈసారి ఎవర్ని చంపుతావు అని అడగండి. అమెరికాలో మేరీల్యాండ్‌లో ఒక జంట పిల్లల్ని ఏడిపించి ప్రాంక్ వీడియోలు తీసి లక్షల మందిని పోగేసుకుంది, 2017లో ఇద్దరు పిల్లల్ని వాళ్ళ దగ్గర్నుంచి తీసేసుకున్నారు, కోర్టు 5 ఏళ్ళ ప్రొబేషన్ వేసింది, అంటే జైల్లో పెట్టకుండా కోర్టు నిఘాలో ఉంచడం. నా దగ్గరికే ఒంగోలు వైపు నుంచి ఒక జంట వచ్చినారు, రీళ్ళ కోసం ఉత్తుత్తి గొడవలు పడతా పడతా నిజం గొడవ ఏదో వాళ్ళకే తెలీకుండా పోయింది, మా ముందు కూర్చోని అరుచుకుంటా ఉంటే కూడా ఆమె ఒకసారి ఫోను వైపు చూసింది.

వాడు కెమెరా వదలక్కర్లా. తియ్యాలనుంటే గుంట కాడికి పొయ్యి రాత్రి నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరిగేది, తెల్లారి వల లాగేది తియ్యమను, ఆ పని ఎట్లుంటదో తెలీనోళ్ళు బోలెడంతమంది. వ్యూలు తక్కువే వస్తాయి, నేను నీకు అబద్ధం ఎందుకు చెప్పాల. ఇంట్లో వాళ్ళ ముఖం మాత్రం వాళ్ళని అడిగి, వీడియో పెట్టేముందు చూపించి, సరే అంటేనే. ఆ నాలుగు లక్షల వీడియో వాడి చేత్తోనే తీసెయ్యాలి. ఎవరో దించుకుని మళ్ళీ పెట్టి ఉండొచ్చు, కనిపించిన కాడికి రిపోర్ట్ కొట్టమను, అన్నీ పోవు, ఆ మాట ముందే చెప్తున్నా.

క్షమాపణ ఫోను పక్క గదిలో పెట్టేసి అడగాలి. ఆమె మాట్లాడకపోతే లేచి రాకూడదు, పక్కన కూర్చోమను, ఆమె కూర తరుగుతా ఉంటే తరగమను. ఒక్క రోజులో మాట్లాడదు, నేనైనా మాట్లాడను.

మీ అత్త వణుకు మాత్రం క్షమాపణతో పోదు. బీపీ డాక్టరుకి జరిగింది జరిగినట్టు చెప్పి ఒకసారి చూపించండి. ఇంకొకటి, మీ ఆయన్ని రోజూ సాయంత్రం ఒకే టైముకి, గుంట కాడి నుంచి నేరుగా ఆమెకే ఫోను చెయ్యమను. "అమ్మా, నేనే, అన్నం తిన్నావా" అంటే చాలు. ఫోను మోగగానే ఆమె చెవికి కొడుకు గొంతు రావాలి, ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు. నెల తర్వాత ఎట్లుందో నాకు రాయి.